ఏరివేతకు ఇచ్చే ఖరీదు



జేబులో పట్టే టార్చిలైటు ఇవాళ నూటయాభై రూపాయలకూ దొరుకుతోంది, పదివేల రూపాయలకూ దొరుకుతోంది. రెండూ బ్యాటరీతోనే వెలుగుతాయి. రెండింటిలోనూ వెలుగునిచ్చేది ఎల్‌ఈడీయే. టార్చిలు తయారుచేసేవాళ్ళు ఎమిటర్ అని పిలిచే ఆ చిన్న ముక్కను విడిగా కొంటే, పేరున్న కంపెనీది కూడా వందల రూపాయల్లోనే వస్తుంది. మరి మిగతా వేలు దేనికి పోతున్నట్టు? గట్టి అల్యూమినియం గొట్టానికి కొంత, మంచి బ్యాటరీకి కొంత, నీళ్ళు చొరబడని బిగింపుకు కొంత. అది న్యాయమే. కానీ అంత డబ్బు పోసినవాళ్ళు కూడా కొన్ని ఫిర్యాదులు చేస్తూనే ఉంటారు. వెలుగు తెల్లగా లేదు, ఆకుపచ్చ కొడుతోందంటారు. నడిమధ్య పడాల్సిన వెలుగు ఓ పక్కకు ఒరిగిందంటారు. కొన్నప్పుడు ఉన్న కాంతి నాలుగు నెలలకే తగ్గిపోయిందంటారు. ఒకే మోడల్ రెండు కొంటే రెండూ రెండు రంగుల్లో వెలుగుతున్నాయంటారు.

ఈ లోపాలు ఎక్కడ పుడతాయి, తనిఖీలు దాటుకుని కొన్నవాడి చేతిదాకా ఎలా వస్తాయి అన్నది ఈ ప్రసంగంలో చెప్పుకుందాం. ముందే ఒక మాట. ఎల్‌ఈడీ విషయంలో నాణ్యత సగం తయారీలో వస్తే, సగం ఏరివేతలో వస్తుంది. ఖరీదైన టార్చికి మనం ఇచ్చే డబ్బులో కొంత వాటా, మనకు పంపకుండా పక్కన పెట్టిన ముక్కలకు చెందుతుంది. చెందాలి. చెందనప్పుడే ఈ ఫిర్యాదులు మొదలవుతాయి.

ముందు ఆ ముక్క సంగతి చూద్దాం. టార్చిల్లో ఎక్కువగా వాడే ఎమిటర్ల కొలత సుమారు మూడున్నర మిల్లీమీటర్ల చదరం. దాని నడుమ ఉండే చిప్ పుట్టించేది తెల్లని కాంతి అనుకుంటాం. నిజానికి అది నీలం కాంతి. గాలియం నైట్రైడ్ అనే పదార్థంతో ప్రకాశవంతమైన నీలం ఎల్‌ఈడీని సాధించడానికి దశాబ్దాలు పట్టింది. జపాన్‌లో ఇసాము అకసాకి, హిరోషి అమానో ఒక వైపు, నిచియా అనే కంపెనీలో షూజి నకమురా మరో వైపు ఆ పని చేశారు. 1990ల తొలి ఏళ్ళలో అది ఫలించింది. 2014లో ఆ ముగ్గురికీ భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నీలం చిప్ మీద ఫాస్ఫర్ అనే పసుపుపచ్చని పొడిని పలచటి పొరగా పరుస్తారు. నీలంలో కొంత ఆ పొర గుండా నేరుగా బయటికి వస్తుంది. మిగతా దాన్ని ఫాస్ఫర్ పీల్చుకుని పసుపు కాంతిగా మార్చి వదులుతుంది. నీలమూ పసుపూ కలిసి మన కంటికి తెలుపై కనిపిస్తాయి. పైన సిలికోన్‌తో చేసిన పారదర్శకమైన బుడిపె ఒకటి ఉంటుంది. దాన్ని డోమ్ అంటారు.

చెప్పడానికి ఇంతే. చేయడం దగ్గరే ఇబ్బంది. నీలం కాంతి పుట్టే పొరల మందం కొన్ని నానోమీటర్లు మాత్రమే. వాటిలో ఇండియం అనే లోహం కొద్దిపాళ్ళలో కలవాలి. వేడి కొలిమిలో వాయువులను పంపి పలక మీద ఈ పొరలను పెంచుతారు. కొలిమిలో ఉష్ణోగ్రత పలక నడుమ ఒకలా, అంచున ఇంకోలా ఉన్నా ఇండియం పాళ్ళు మారతాయి. దాంతో నీలం ఛాయ మారుతుంది. ఒక పలక నుంచి వేలకొద్దీ చిప్‌లు కోస్తారు. ఆపైన ఫాస్ఫర్ పొర ఒకదాని మీద రవ్వంత మందంగా, ఇంకొకదాని మీద పలచగా పడుతుంది. మందంగా పడితే వెలుగు పసుపు వైపు, పలచగా పడితే నీలం వైపు జరుగుతుంది. ఒకే పలక, ఒకే రోజు, ఒకే యంత్రం. అయినా ఏ రెండు ముక్కలూ అచ్చంగా ఒకటి కావు.

అందుకని ఫ్యాక్టరీ ఏం చేస్తుందంటే, తయారైన ప్రతి ముక్కనూ ఒక్క క్షణం వెలిగించి కొలుస్తుంది. ఎంత వెలుగిచ్చింది, ఏ రంగులో ఇచ్చింది, ఎన్ని వోల్టులు తీసుకుంది, ఈ మూడూ చూసి వేరువేరు గంపల్లో వేస్తుంది. ఈ గంపనే వాళ్ళు బిన్ అంటారు. గుంటూరు మిర్చి యార్డు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఒకే చేలో ఒకే కోతలో వచ్చిన కాయను అక్కడ రంగు చూసి, తొడిమె చూసి, చేత్తో నలిపి, డీలక్స్ ఒక వైపు, బెస్ట్ ఒక వైపు, మీడియం ఒక వైపు, తాలు వేరే పోస్తారు. తాలు కాయను ఎవరూ పారబోయరు. దానికి వచ్చే ధర దానికుంది, దాన్ని కొనే బేరగాడు వేరే ఉన్నాడు. ఎల్‌ఈడీ లోకంలోనూ అంతే. పక్కన పెట్టిన బిన్ చెత్తబుట్టలోకి పోదు, తక్కువ ధరకు మరెవరో కొంటారు. ఎమిటర్ మోడల్ పేరు మాత్రం అదే ఉంటుంది. టార్చి పెట్టె మీద రాసేది ఆ పేరే. బిన్ ఏదో అన్నిసార్లూ రాయరు.

ఇక రంగు సంగతి. రంగును కొలిచే శాస్త్రంలో 1942 ముఖ్యమైన సంవత్సరం. అమెరికాలో కొడాక్ కంపెనీలో పనిచేసిన డేవిడ్ మెకాడమ్, మనిషి కన్ను ఎంత చిన్న రంగు తేడాను పట్టగలదో ఆ ఏడాది కొలిచి చూపాడు. రంగుల పటం మీద ఒక బిందువు పెట్టి, దాని చుట్టూ ఏ మేరదాకా కంటికి తేడా తెలియదో గీస్తే అది కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది. దాన్ని మెకాడమ్ దీర్ఘవృత్తం అంటారు. అలాంటివి ఎన్ని మెట్లు దాటితే అంత తేడా. మూడు మెట్లలోపు ఉన్న రెండు దీపాలను పక్కపక్కన పెట్టినా చాలామంది తేడా పట్టలేరు. ఏడు మెట్లంటే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అమెరికా ప్రమాణం తెల్లని ఎల్‌ఈడీల కోసం గీసిన గళ్ళు ఒక్కొక్కటి ఇంచుమించు ఆ ఏడు మెట్ల వెడల్పువి. 5000 కెల్విన్ అని పేరు పెట్టిన గడిలోకి సుమారు 4750 నుంచి 5300 దాకా అన్నీ వచ్చేస్తాయి. అంటే పెట్టె మీద 5000 కెల్విన్ అని రాసినవాడు అబద్ధమాడినట్టు కాదు. అయినా కొన్న రెండు టార్చిలు రెండు రంగుల్లో ఉండొచ్చు.

పైగా కెల్విన్ అంకె చెప్పేది ఒక్క దిక్కు తేడానే. వెలుగు పసుపు వైపుందా, నీలం వైపుందా అన్నది అది చెబుతుంది. ఇంకో దిక్కు కూడా ఉంది. ఎర్రగా కాల్చిన వస్తువు వేడి పెరిగే కొద్దీ ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు, నీలి తెలుపుగా మారుతుంది కదా. రంగుల పటం మీద ఆ మార్పును ఒక గీతగా గీస్తారు. ఎమిటర్ వెలుగు ఆ గీతకు పైన పడితే ఆకుపచ్చ కొడుతుంది. కింద పడితే లేత గులాబీ ఛాయ వస్తుంది. మన కన్ను గులాబీని సహిస్తుంది, ఒక్కోసారి ఇష్టపడుతుంది కూడా. ఆకుపచ్చను మాత్రం సహించదు. ఆ వెలుగులో మనిషి ముఖం జబ్బు పడ్డట్టు కనిపిస్తుంది. ఖరీదైన టార్చిల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఈ ఆకుపచ్చ గొడవ తరచుగా వినిపిస్తుంది.

మరి కంపెనీలు గీతకు పైనున్న బిన్‌లను కొనడం ఎందుకు? ఇక్కడ ఒక చిక్కు ఉంది. వెలుగును ల్యూమెన్లలో కొలుస్తాం. ల్యూమెన్ లెక్క మనిషి కంటి సున్నితత్వాన్ని బట్టి కట్టింది. పగటి వెలుతురులో మన కంటికి అన్నిటికన్నా ఎక్కువగా తెలిసేది 555 నానోమీటర్ల దగ్గరుండే పసుపు కలిసిన ఆకుపచ్చ. అందువల్ల ఒకే కరెంటు ఖర్చుతో ఆకుపచ్చ వైపు మొగ్గిన ముక్క ఎక్కువ ల్యూమెన్లు చూపిస్తుంది. కొనేవాడు పెట్టె మీద చూసేది ల్యూమెన్ల అంకె. అమ్మేవాడికి ఆ అంకె పెద్దదిగా కావాలి. కాబట్టి వెలుగు ఎక్కువున్న బిన్ కావాలని అడిగిన చోట ఆకుపచ్చ కూడా వెంట వచ్చేస్తుంది. ఈ పాపంలో పెద్ద అంకెను చూసి మురిసిపోయే మనకూ వాటా ఉంది.

రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపించే గుణం మరొకటి. దానికి సీఆర్ఐ అనే సూచీ ఉంది. ఎనిమిది లేత రంగుల నమూనాల మీద వెలుగు వేసి, వాటి సగటు తీసి, నూటికి ఇన్ని అని చెబుతారు. ఆ ఎనిమిదిలో ముదురు ఎరుపు లేదు. దాన్ని ఆర్9 పేరుతో విడిగా లెక్కిస్తారు. సూచీ 80 వచ్చిన దీపానికి కూడా ఆర్9 సున్నా దగ్గర ఉండొచ్చు. 70 వచ్చిన దానికైతే సున్నాకు దిగువన ఉండటం మామూలే. అలాంటి వెలుగులో ఎర్ర వైరు గోధుమ రంగుగా, నెత్తురు మరక బురదగా కనిపిస్తాయి. రాత్రిపూట స్తంభం దగ్గర మరమ్మతు చేసే లైన్‌మన్‌కు, గాయం చూసే నర్సుకు ఇది చిన్న విషయం కాదు. సూచీ 90 అని రాసిన టార్చిలోకి, ఎమిటర్లను చుట్టి పంపే రీళ్ళు మారిపోయి 70 ముక్క చేరితే, చీకట్లో ఒంటరిగా వాడేవాడు అంత తేలిగ్గా కనిపెట్టలేడు. కన్ను ఏ వెలుగుకైనా కాసేపట్లో అలవాటు పడిపోతుంది. పక్కన మరో దీపం పెట్టినప్పుడే గుట్టు బయటపడుతుంది.

ఇంతవరకూ ఎమిటర్ ఫ్యాక్టరీలో జరిగే సంగతి. బిన్ సరిగ్గా ఎంచినా పని అయిపోలేదు. ఫ్యాక్టరీ ఆ ముక్కను కొలిచింది సెకనులో అతి స్వల్ప భాగం పాటు, ఒక నిర్ణీతమైన కరెంటు దగ్గర. ఎమిటర్‌ను బట్టి అది 350 మిల్లీ ఆంపియర్లో, 700 మిల్లీ ఆంపియర్లో ఉంటుంది. టార్చిలో అదే ముక్కకు ఐదారు ఆంపియర్లు తోస్తారు. కరెంటు పెరిగితే రంగు జరుగుతుంది, వేడి పెరిగితే మళ్ళీ జరుగుతుంది. అలాగే, వెలుగు బాగా తగ్గించుకున్నప్పుడు చాలా ఎమిటర్లు ఆకుపచ్చ వైపు మొగ్గుతాయి. ఒకే టార్చి పెద్ద వెలుగులో ముచ్చటగానూ చిన్న వెలుగులో ఆకుపచ్చగానూ కనిపించడానికి కారణం ఇదే. కొందరు తయారీదారులు కరెంటును తగ్గించే బదులు, కంటికి అందనంత వేగంగా ఆర్పుతూ వెలిగిస్తూ మసక వెలుగు తెప్పిస్తారు. దానివల్ల రంగు నిలకడగా ఉంటుంది. కానీ ఆ వేగం చాలకపోతే తిరుగుతున్న ఫ్యాను రెక్కలు ముక్కలు ముక్కలుగా కనిపిస్తాయి, కొందరికి తలనొప్పి కూడా వస్తుంది.

ఒకే తలలో మూడు, నాలుగు ఎమిటర్లు పెట్టిన టార్చిల్లో ఇంకో తంటా ఉంది. వాటిని పక్కపక్కన సమాంతరంగా కలిపితే, తక్కువ వోల్టేజీకే కరెంటు తీసుకునే ముక్క తన వాటాకు మించి లాగేస్తుంది. అది ఎక్కువ వేడెక్కుతుంది. వేడెక్కిన కొద్దీ దానికి కావలసిన వోల్టేజీ ఇంకా తగ్గి, మరింత లాగుతుంది. అందుకే నాలుగూ ఒకే వోల్టేజీ బిన్‌లోవి కావాలి. పెద్ద ఫ్యాక్టరీల నుంచి నేరుగా రీలు రీళ్ళుగా కొనేవారికి ఇది కుదురుతుంది. దళారుల దగ్గర కొంచెం కొంచెం కొనే చిన్న తయారీదారుకు చేతికొచ్చిన రీలే గతి. చైనాలో షెన్‌జెన్ చుట్టుపక్కల టార్చి పరిశ్రమ పెద్దగా ఎదిగింది. అక్కడ పెద్ద కంపెనీలూ ఉన్నాయి, పదిమంది కూర్చుని బిగించే కొట్లూ ఉన్నాయి. పెట్టె అందంగా ఉంటే ఏది ఎక్కడిదో కొనేవాడికి తెలియదు.

ఇక టంకం దగ్గరికి వద్దాం. ఖరీదైన టార్చి పేరు ఇక్కడ కూడా చెడుతుంది. ఎమిటర్ అడుగున మూడు లోహపు ప్యాడ్‌లుంటాయి. రెండు కరెంటు కోసం, నడిమిది వేడిని దించడం కోసం. ఎమిటర్‌ను లోహపు పలక మీద టంకం ముద్దతో నిలిపి, ఓవెన్‌లో ఆ ముద్దను కరిగించి అతికిస్తారు. మంచి టార్చిల్లో ఆ పలక రాగిది. నడిమి ప్యాడ్ మధ్యలో ఏ పొరా లేకుండా నేరుగా రాగికి అతుకుతుంది. చవక పలకల్లో లోహానికీ ప్యాడ్‌కీ మధ్య కరెంటు పారనివ్వని పొర ఒకటి ఉంటుంది. కరెంటుతో పాటు వేడిని కూడా అది అడ్డుకుంటుంది.

వేడి లెక్క ఎంతో చూడండి. ఐదు ఆంపియర్లు, మూడు వోల్టులు వేసుకుంటే 15 వాట్లు. అంత గట్టిగా తోసినప్పుడు అందులో సగానికి పైగా వేడిగానే మారుతుంది. అదంతా మూడున్నర మిల్లీమీటర్ల చదరం నుంచి ఎప్పటికప్పుడు కిందికి దిగిపోవాలి. టంకంలో గాలి బుడగలు చిక్కుకుంటే ఆ మేర దారి మూసుకున్నట్టే. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. ఎమిటర్ నిటారుగా ఉంటుంది, చక్కగా వెలుగుతుంది. బుడగ కనిపించాలంటే ఎక్స్‌రే యంత్రం కావాలి. అది ఉన్నవాళ్ళు కొందరే, ఉన్నా ప్రతి పలకనూ దాని కింద పెట్టేవాళ్ళు ఇంకా కొద్దిమంది. అలాంటి ముక్క ఫ్యాక్టరీలో రెండు సెకన్లు వెలిగించి చూసే పరీక్ష పాసై పెట్టెలోకి పోతుంది. మన చేతిలో పది నిమిషాలు వెలిగాక తన బాధ చెబుతుంది. వెలుగు తగ్గుతుంది, రంగు మారుతుంది. రోజూ అదే వేడిలో నలిగితే ఫాస్ఫర్, సిలికోన్ త్వరగా ముదిరిపోతాయి.

టంకం ఎక్కువైనా కష్టమే. కరిగిన టంకం మీద ఎమిటర్ తేలి ఓ పక్కకు ఒరుగుతుంది, లేదా జరుగుతుంది. రిఫ్లెక్టర్ అనే గిన్నె తన నడిమధ్య బిందువు నుంచి వచ్చిన వెలుగును ఎదరికి పంపేలా గీసింది. ఎమిటర్ అందులో అర మిల్లీమీటరు పక్కకు జరిగితే చాలు, గోడ మీద పడే వెలుగు గుండ్రంగా రాదు. నడుమ గట్టి వెలుగు ఓ పక్కకు పోతుంది, చుట్టూ నీడ వలయాలు కనిపిస్తాయి. దీన్ని నివారించడానికి ఎమిటర్ చుట్టూ ప్లాస్టిక్ చట్రం ఒకటి పెడతారు. ఆ చట్రం కొలత సరిగ్గా లేకపోతే మెత్తని డోమ్‌ను నొక్కి గీత పెడుతుంది. చట్రమే లేకపోతేనో, పలచగా ఉంటేనో, లోహపు రిఫ్లెక్టర్ పక్కనున్న తీగ అతుకులకు తగిలి షార్టవుతుంది. ఇవన్నీ స్క్రూ బిగించే మనిషి చేతిలో జరిగే పనులు. వాటిని కనిపెట్టడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. తెల్ల గోడ ఒకటి, ప్రతి టార్చినీ దాని మీద వేసి చూసే మనిషి ఒకరు ఉంటే చాలు. ఆ మనిషికి ఇవ్వాల్సిన జీతం మిగుల్చుకున్న చోట వంకర వెలుగు బజారుకెక్కుతుంది.

అన్నిటిలోకీ విచిత్రమైన లోపం రసాయనాలది. డోమ్ సిలికోన్‌ది అన్నాం కదా. సిలికోన్ నీటిని ఆపుతుంది కానీ ఆవిరులను ఆపదు. టార్చి తలలో వాడిన జిగురు, మర బిగుసుకోవడానికి రాసిన మందు, సరిగ్గా తుడవని టంకపు ఫ్లక్స్, ఇవన్నీ వేడికి ఆవిరులు వదులుతాయి. ఆ ఆవిరి డోమ్‌లోకి ఇంకుతుంది. లోపల నీలం కాంతి తీక్షణత, చిప్ వేడి తగిలి, దానిలోని కార్బన్ పదార్థం గోధుమ రంగుకో నలుపుకో తిరుగుతుంది. వెలుగు పడిపోతుంది. తల విప్పి గాలి తగలనిస్తూ వెలిగిస్తే కొన్నిసార్లు ఆ మచ్చ దానంతటదే పోతుంది కూడా. ఎమిటర్ కంపెనీలు ఏ జిగురు వాడొచ్చో ఏది వాడకూడదో పట్టికలు వేసి మరీ హెచ్చరిస్తాయి. ఇక్కడ తిరకాసు ఏమిటంటే, టార్చి ఎంత మంచిదైతే, అంటే నీరు చొరకుండా ఎంత గట్టిగా మూస్తే, ఆవిరి బయటికి పోయే దారి అంతగా మూసుకుపోతుంది. చవక టార్చికి సందులెక్కువ కాబట్టి ఈ జబ్బు అంతగా అంటదు. గంధకం కలిసిన రబ్బరు వాషర్లతో మరో బెడద. ఎమిటర్ లోపలి వెండి పూతను గంధకపు ఆవిరి నల్లబరుస్తుంది. ఆ నలుపు ఇక పోదు.

మరి ప్రమాణాలు లేవా అంటే, ఉన్నాయి. టార్చిల కోసమే అమెరికాలో ఎఫ్ఎల్ 1 అనే ప్రమాణం 2009లో వచ్చింది. వెలిగించిన 30 సెకన్ల నుంచి రెండు నిమిషాల లోపు ల్యూమెన్లు కొలవాలి. వెలుగు ఎంత దూరం పోతుందన్నది, నిండు వెన్నెలంత, అంటే పావు లక్సు కాంతి పడే చోటుదాకా లెక్కించాలి. ఎంతసేపు వెలుగుతుందన్నది, మొదటి వెలుగులో పదోవంతుకు దిగేదాకా లెక్కించాలి. ఈ ఆఖరి నిబంధన గుర్తుపెట్టుకోండి. వెయ్యి ల్యూమెన్లు, మూడు గంటలు అని రాసి ఉంటే, మూడు గంటలూ వెయ్యి వెలుగుతుందని కాదు. నూరుకు దిగడానికి మూడు గంటలు పట్టిందని. ఇక ఎమిటర్ ఆయుష్షు కోసం ఎల్ఎమ్ 80 అనే పరీక్ష ఉంది. కనీసం 6000 గంటలు వెలిగించి చూస్తారు. అయితే ఇవన్నీ కొన్ని నమూనాల మీద చేసే పరీక్షలు. మోడల్ ఎలాంటిదో చెబుతాయి. మన చేతికొచ్చిన ముక్క సంగతి వాటికి తెలియదు.

నమూనా పరీక్షకు ఎంత బలముందో చిన్న లెక్కతో చూద్దాం. ఒక విడతలో వందకు రెండు చొప్పున లోపమున్న టార్చిలు ఉన్నాయనుకోండి. అందులోంచి 50 తీసి జాగ్రత్తగా పరీక్షించారు. ఒక్కటి కూడా చెడ్డది తగలకపోవడానికి అవకాశం వందకు 36 వంతులు. అంటే మూడింట ఒకటికి మించి. తనిఖీ నిజాయితీగానే జరిగింది, కాగితం మీద సున్నా లోపాలు అని రాశారు, అయినా ఆ విడతలో వెయ్యి టార్చిలుంటే ఇరవై మంది ఇళ్ళకు చెడ్డవి వెళ్ళాయి. రెండు శాతం కంపెనీకి చిన్న అంకె. ఆ ఇరవై మందిలో ఒక్కొక్కరికీ అది నూటికి నూరు శాతం.

కాబట్టి తుది తనిఖీ ఒక్కటే చాలదు, తయారీలోనే తేడాలు తగ్గాలి. ఈ ఆలోచనకు మన తెలుగువాడి చేయి ఒకటి తోడుంది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తాలో భారత గణాంక సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, సి.ఆర్.రావుగా లోకానికి తెలిసినవారు, 1940లలోనే ఆర్థోగొనల్ అరేలు అనే పట్టికలను రూపొందించారు. జపాన్ ఇంజనీరు గెనిచి టగూచి 1954, 55 ప్రాంతంలో అదే సంస్థకు అతిథిగా వచ్చారు. తరువాత అలాంటి పట్టికలనే జపాన్ ఫ్యాక్టరీల్లో నాణ్యత పెంచే పనిముట్టుగా మలిచారు. టంకం ఉదాహరణే తీసుకుందాం. ముద్ద ఎంత వేయాలి, ఓవెన్ వేడి ఎంత, ఎంతసేపు, చల్లార్చే వేగం ఎంత, ఇలా ఏడు అంశాలున్నాయి. ఒక్కొక్కటి రెండు రకాలుగా మార్చి చూడాలంటే అన్ని కలయికలకూ 128 ప్రయోగాలు కావాలి. తగిన పట్టిక ప్రకారం చేస్తే ఏ అంశం ముఖ్యమో ఎనిమిది ప్రయోగాల్లోనే ఇంచుమించు తేలుతుంది. గాలి బుడగలకు అసలు కారణం ఓవెనా, ముద్దా అన్నది అలా పట్టుకోవచ్చు. సి.ఆర్.రావు గారు 2023లో 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఫ్యాక్టరీల్లో ఆయన గణితం ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది.

ఇక కొనేవాళ్ళకు నాలుగు మాటలు. రాత్రిపూట మోటారు వేయడానికి చేనికి వెళ్ళే రైతుకు ఇన్ని ల్యూమెన్లూ ఇన్ని బిన్‌లూ అక్కర్లేకపోవచ్చు. కానీ గట్టు మీద పాము ఉందో కట్టె ఉందో తేల్చి చూపే వెలుగు ఆయనకూ కావాలి. కొనేటప్పుడు ఎమిటర్ పేరు, కెల్విన్ అంకె, సీఆర్ఐ అడగండి. మూడూ రాసి ఇవ్వగలిగినవాడికి తను వాడిన రీలు సంగతి కొంతైనా తెలుసన్నమాట. పెట్టె విప్పగానే చీకటి గదిలో తెల్ల గోడకు రెండు బారల దూరంలో నిలబడి వెలుగు వేయండి. నడిమి వెలుగు గుండ్రంగా, చుట్టూ వలయంతో సమంగా ఉండాలి. ఇంట్లో ఉన్న మరో టార్చినో ఫోను దీపాన్నో పక్కన వేసి రంగు పోల్చండి. దీపం ఆర్పి, అద్దంలోంచి చూసి ఎమిటర్ నడుమ ఉందో లేదో, డోమ్ మీద గీతలూ దుమ్మూ ఉన్నాయో లేవో గమనించండి. వెలుగుతున్నప్పుడు మాత్రం లోపలికి చూడకండి, కంటికి హాని.

ఆ తరువాత నిండా ఛార్జి చేసిన బ్యాటరీతో పెద్ద వెలుగులో ఐదు నిమిషాలు ఉంచండి. టార్చి ఒళ్ళు వేడెక్కితే భయపడకండి. లోపలి వేడి బయటికి వస్తోందని అర్థం. వేడి మితిమీరకుండా వెలుగును కాస్త తగ్గించుకోవడం కూడా మంచి టార్చి లక్షణమే. ఒళ్ళు చల్లగా ఉండి వెలుగు మాత్రం పడిపోతుంటే అనుమానించండి. వేడి దిగే దారి ఎక్కడో తెగింది. ఈ పరీక్షలన్నీ తిరిగి ఇచ్చే గడువు దాటకముందే చేయండి. లోపం కనబడితే మొహమాటపడకుండా తిప్పి పంపండి. తయారీదారు తను చేయాల్సిన ఏరివేతను మన మీదికి నెట్టినప్పుడు, ఏరిన ముక్కను తిరిగి వాళ్ళ లెక్కలోకే చేర్చడం మన హక్కు. అలా తిరిగి వచ్చే ముక్కల ఖర్చు ఎక్స్‌రే యంత్రం ఖర్చునూ, తెల్ల గోడ ముందు నిలబడే మనిషి జీతాన్నీ దాటిన రోజున, కంపెనీ వాటిని తనంతట తనే పెట్టుకుంటుంది. టార్చి కొనేముందు ఎన్ని ల్యూమెన్లు అని అడగడం మనకు బాగా అలవాటైంది. ఎన్నిటిని పక్కన పెట్టి దీన్ని పంపారు అని కూడా అడగడం మొదలుపెడదాం.